ప్రకటనలో ఫొటో: అడగాల్సింది ఎవరిని?



పండగ దగ్గర పడుతోందంటే మన ఊళ్లలో డీటీపీ సెంటర్లకు తీరిక ఉండదు. బట్టల కొట్టాయన వస్తారు. ఆషాఢం తగ్గింపో, దసరా ఆఫరో రాసిన కాగితం చేతిలో పెట్టి, "మంచి కుటుంబం ఫొటో ఒకటి పెట్టు బాబూ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, అందరూ కొత్త బట్టల్లో నవ్వుతూ ఉండాలి" అంటారు. కంప్యూటరు ముందున్న కుర్రాడు గూగుల్‌లో వెతుకుతాడు. నచ్చిన ఫొటో దొరుకుతుంది. దాని మీద అడ్డంగా ఒక కంపెనీ పేరు లేతగా కనబడుతుంది. వాటర్‌మార్క్ అంటాం కదా, అదే. ఐదు నిమిషాల్లో దాన్ని చెరిపేస్తాడు. వెనక చార్మినారో, గోపురమో అతికిస్తాడు. ఫైలు ఫ్లెక్సీ ప్రింటింగుకు వెళ్తుంది. తెల్లారేసరికి నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేస్తుంది.

ఇంత జరిగినా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఈ ఫొటో ఎవరిది? ఆ నవ్వుతున్నవాళ్లు ఎవరు? వాళ్లకు ఈ సంగతి తెలుసా? ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే. వ్యాపార ప్రకటనల్లో, కరపత్రాల్లో, బ్రోచర్లలో, వాట్సాప్‌లో పంపే పోస్టర్లలో ఫొటోలు, బొమ్మలు వాడుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? ఆ అనుమతి ఎలా తీసుకోవాలి? లైసెన్సు అని మనం డబ్బు కట్టి తెచ్చుకునే దానిలో నిజంగా ఏముంటుంది?

ముందుగా చట్టం మాట. మన కాపీరైట్ చట్టం 1957లో చేశారు. 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం ఫొటో కూడా కళాకృతే. చిత్రలేఖనానికి, శిల్పానికి ఉన్న రక్షణే దానికీ ఉంది. ఫొటో తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కర్లేదు. కింద కాపీరైటు గుర్తు వేయనక్కర్లేదు. కాబట్టి "దాని మీద ఎవరి పేరూ లేదండీ, అందుకే వాడుకున్నాను" అనే మాట చెల్లదు. "ఫొటో గూగుల్ సౌజన్యం" అని కింద వేసినా చెల్లదు. గూగుల్ ఆ ఫొటో ఎక్కడుందో చూపించింది, అంతే. తీసినవాళ్లు వేరే ఉన్నారు.

మరి ఆ హక్కు ఎవరిది? మామూలుగా ఫొటో తీసినవారిదే. దీనికి రెండు ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, ఫొటోగ్రాఫరు జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా తీస్తే హక్కు యజమానిది. రెండోది, డబ్బిచ్చి ప్రత్యేకంగా ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు డబ్బిచ్చి తీయించుకున్నవారిది. ఈ రెండో నియమం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. పెళ్లికి ఫొటోగ్రాఫర్ని పెట్టుకుంటాం. ఆల్బం చేతికొస్తుంది. ఆరు నెలల తర్వాత అదే పెళ్లికూతురి ఫొటో ఆ స్టూడియో బోర్డు మీదో, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలోనో కనబడుతుంది. "నేనే తీశాను కదా" అంటాడు ఆయన. తీసిన మాట నిజమే. కానీ ఒప్పందంలో అలా రాసుకోకపోతే, ఆ ఫొటోను తన వ్యాపార ప్రచారానికి వాడుకోవాలంటే ఆయనే ఆ కుటుంబాన్ని అడగాలి. మంచి స్టూడియోలు ఈ మాట ముందే అడిగి, కాగితం మీద రాయించుకుంటున్నాయి. అందరూ అలవాటు చేసుకోవాల్సిన పద్ధతి అది.

ఈ హక్కు ఎంతకాలం ఉంటుంది? రచయితో, చిత్రకారుడో జీవించినంత కాలం, వారు పోయిన ఏడాది గడిచాక మరో 60 ఏళ్లు. ఫొటోలకు ఒకప్పుడు లెక్క వేరుగా ఉండేది, ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు. 2012లో చట్టాన్ని సవరించి ఫొటోగ్రాఫరుకు కూడా జీవితకాలం మీద 60 ఏళ్లు ఇచ్చారు.

దీన్ని మనకు తెలిసిన పేర్లతో చూద్దాం. రాజా రవివర్మ 1906లో కన్నుమూశారు. ఆయన గీసిన లక్ష్మి, సరస్వతి చిత్రాల మీద గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన తీసిన పాత హైదరాబాదు ఫొటోలను ఒక హోటలు తన మెనూ కార్డు మీద వేసుకోవాలనుకుంటే కాపీరైటు అడ్డు రాదు. రాజమహేంద్రవరం దామెర్ల రామారావు 1925లో, ఇంకా యువకుడిగా ఉండగానే పోయారు. ఆయన చిత్రాలూ అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పాత చిత్రానికి ఇప్పటివారు ఎవరైనా కొత్త రంగులు, కొత్త రూపం ఇస్తే, ఆ కొత్త పని మీద వారికి హక్కు ఉండవచ్చు. మ్యూజియం నుంచి ఫైలు తెచ్చుకుంటే ఆ మ్యూజియం పెట్టిన షరతులు చదవాలి.

ఇప్పుడు ఇంకో వైపు చూడండి. చందమామ ముఖచిత్రాలతో తరాలను మురిపించిన వడ్డాది పాపయ్య గారు 1992 డిసెంబరులో కన్నుమూశారు. అంటే ఆయన బొమ్మల మీద హక్కు 2052 చివరిదాకా ఉంటుంది. బాపు గారు 2014 ఆగస్టు 31న వెళ్లిపోయారు. ఆయన బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా. పెళ్లి పత్రికల మీద, చీరల కవర్ల మీద, హోటలు గోడల మీద బాపు బొమ్మ కనబడడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది తెలుగువాళ్లందరి ఉమ్మడి సొత్తు అనుకుంటాం. ప్రేమ విషయంలో ఉమ్మడి సొత్తే. వ్యాపారం విషయంలో కాదు. ఆ గీతను నమ్ముకుని చీర అమ్ముతున్నప్పుడు, గీత ఎవరిదో వారి వారసులనో, హక్కు పొందినవారినో అడగడం మన ధర్మం. ఆయన మీద మనకున్న గౌరవానికి అది తొలి రుజువు.

ఇక లైసెన్సు దగ్గరికి వద్దాం. చాలామంది "షటర్‌స్టాక్‌లో ఫొటో కొన్నాం" అంటారు. ఇలా ఫొటోలు ఇచ్చే వెబ్‌సైట్లను స్టాక్ సైట్లు అంటారు. నిజానికి అక్కడ మనం కొనేది ఫొటోను కాదు, దాన్ని ఫలానా విధంగా వాడుకునే అనుమతిని. కల్యాణమండపం బుక్ చేసుకున్నట్టు అనుకోండి. డబ్బు కడతాం, తాళాలు ఇస్తారు. ఆ రెండు రోజులు అక్కడ పెళ్లి చేసుకోవచ్చు. మండపం మనదైపోదు. దాన్ని ఇంకొకరికి అద్దెకివ్వలేం. గడువు దాటి ఒక పూట ఉంటే లెక్క వేరు. ఫొటో లైసెన్సూ ఇలాగే నడుస్తుంది.

అందుకే లైసెన్సు కాగితం చేతికి రాగానే నాలుగు సంగతులు వెతకాలి. ఎవరు వాడుకోవచ్చు? దేనికి వాడుకోవచ్చు? ఎక్కడ వాడుకోవచ్చు? ఎంతకాలం, ఎన్ని ప్రతులు? ఈ నాలుగింటికీ జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

లైసెన్సుల్లో మొదటి రకం రాయల్టీ ఫ్రీ. ఆ మాట చూసి ఉచితం అనుకుని మోసపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి రుసుము కడితే, వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టనక్కర్లేదని మాత్రమే దాని భావం. మొదటి రుసుము కట్టాల్సిందే. ఆ తర్వాత కూడా హద్దులు ఉంటాయి. పెద్ద స్టాక్ సైట్ల మామూలు లైసెన్సులో ముద్రణకు 5 లక్షల ప్రతుల పరిమితి కనబడుతుంది. మన ఊరి కరపత్రానికి అది ఎక్కువే. కానీ ఒక బిస్కట్ కంపెనీ ఆ ఫొటోను ప్యాకెట్ల మీద వేస్తే నెలలోనే దాటిపోవచ్చు. అదే ఫొటోను టీషర్టు మీదో, కప్పు మీదో, గ్రీటింగు కార్డు మీదో వేసి అమ్మాలంటే పెద్ద లైసెన్సు వేరే తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ అమ్ముడుపోయేది బొమ్మే. ఇంకో ముఖ్యమైన సంగతి. స్టాక్ సైట్ల నుంచి, డిజైన్ యాప్‌ల నుంచి తీసిన బొమ్మను మీ కంపెనీ లోగోగా పెట్టుకోకండి. అదే బొమ్మను వెయ్యి మంది వాడుకునే వీలుంది. దాన్ని మీ ఒక్కరి ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడానికి ఆ లైసెన్సులు ఒప్పుకోవు.

రైట్స్ మేనేజ్డ్ అని రెండో రకం ఉంది. ఫలానా పత్రికలో, అర పేజీ సైజులో, మూడు నెలలు అని వాడకాన్ని బట్టి ధర కడతారు. మూడోది, హక్కులన్నీ ఏకమొత్తంగా కొనేయడం. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్ల ముందు కూర్చున్నవారందరూ ఒక ఫొటో చూసి ఉంటారు. పచ్చని కొండ, మీద నీలాకాశం, తెల్లని మబ్బులు. చార్లెస్ ఓ'రియర్ అనే ఫొటోగ్రాఫరు 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో రోడ్డు పక్కన కారు ఆపి తీసిన ఫొటో అది. మైక్రోసాఫ్ట్ 2000లో దాని హక్కులన్నీ కొనేసింది. తమ ముఖచిత్రంగా ప్రపంచమంతా వెళ్లే ఫొటోకు అలా చేయడం సబబే. నెల రోజులు ఉండే ఫ్లెక్సీకి అంత ఖర్చు అక్కర్లేదు. అవసరాన్ని బట్టి లైసెన్సు ఎంచుకోవడం తెలివైన వ్యాపారం.

స్టాక్ సైట్లలో కొన్ని ఫొటోల కింద ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్రికెట్ మ్యాచ్, సినిమా ఫంక్షను, జాతరలో జనం, ఊరేగింపు, ఇలాంటివి. వార్తకో, వ్యాసానికో వేసుకోవచ్చు. ప్రకటనకు పనికిరావు. డబ్బు కట్టాం కదా అని వాటిని సబ్బు ప్రకటనలో పెడితే, డబ్బు కట్టి మరీ తప్పు చేసినట్టు.

మరి ఉచితంగా దొరికేవి లేవా అంటే, నిక్షేపంగా ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2002లో మొదటి లైసెన్సులు విడుదల చేసింది. ఫొటో తీసినవారు ముందుగానే అందరికీ అనుమతి ఇచ్చేస్తారు, కొన్ని షరతులతో. బై అని ఉంటే నా పేరు చెప్పండి అని. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడొద్దని. ఎన్‌డీ అని ఉంటే మార్చొద్దని. ఎస్‌ఏ అని ఉంటే, నా ఫొటోను మార్చి కొత్తది చేస్తే దాన్ని కూడా ఇదే షరతు మీద అందరికీ ఇవ్వండి అని. సీసీ జీరో అని ఉంటే షరతులే లేవు. ప్రకటన చేసేవారు ఎన్‌సీ ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఎన్‌డీ ఉన్నదాన్ని మార్చి వాడకూడదు.

వికీమీడియా కామన్స్ అనే సైటులో మన తెలుగు వికీపీడియా మిత్రులు ఊరూరా తిరిగి తీసిన ఫొటోలు ఎన్నో ఉన్నాయి. గుళ్లు, కోటలు, చెరువులు, సంతలు. ఒక ట్రావెల్స్ ఆయన లేపాక్షి యాత్ర బ్రోచరుకు అక్కడి నంది ఫొటో ఒకటి తీసుకున్నారనుకుందాం. డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఫొటో పక్కన ఒక వరుస అచ్చు వేయాలి. "ఫొటో: తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై ఎస్‌ఏ 4.0" అని. మార్పులు చేస్తే ఆ మాట కూడా. ఎండలో నిలబడి, సొంత ఖర్చుతో తీసి, ఉచితంగా ఇచ్చిన మనిషి అడిగిన ప్రతిఫలం ఆ ఒక్క వరుస. దాన్ని కూడా ఎగ్గొట్టి "డిజైన్ పాడవుతుంది" అనడం అన్యాయం. పైగా ఆ వరుస లేకపోతే లైసెన్సే వర్తించదు.

ఇంతవరకూ కెమెరా వెనకున్న మనిషి గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు కెమెరా ముందున్న మనిషి సంగతి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

2007లో జరిగిన సంగతి చెబుతాను. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో ఒక బస్టాపు దగ్గర మొబైల్ కంపెనీ ప్రకటన ఒకటి వెలిసింది. అందులో నవ్వుతున్న అమ్మాయి అమెరికాలోని టెక్సస్‌లో ఉంటుంది. మైనరు. చర్చివాళ్లు పెట్టిన కార్లు కడిగే కార్యక్రమంలో ఉండగా ఆమెకు తెలిసినాయన సరదాగా తీసిన ఫొటో అది. ఆయన దాన్ని ఫ్లికర్ అనే సైటులో పెట్టారు. వ్యాపారానికి కూడా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టారు. కంపెనీవాళ్లు ఆ లైసెన్సు చూసే వాడుకున్నారు. కాపీరైటు వైపు నుంచి చూస్తే అనుమతి ఉన్నట్టే. కానీ ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఆమె తల్లిదండ్రులను అడగలేదు. పైగా ప్రకటన మీద ఆమెను చిన్నబుచ్చేలా ఒక మాట కూడా అచ్చేశారు. వేల మైళ్ల దూరంలోని బస్టాపులో తన ముఖం ఉందని ఆ కుటుంబానికి ఇంటర్నెట్ ద్వారా తెలిసింది. టెక్సస్ కోర్టులో దావా వేశారు. ఆస్ట్రేలియా కంపెనీ మీద విచారణ జరిపే పరిధి తమకు లేదంటూ 2009లో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ అమ్మాయి పడ్డ బాధ న్యాయమైనదా కాదా అనే ప్రశ్న దాకా కేసు వెళ్లనే లేదు.

ఈ ఉదంతంలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఫొటో తీసినవారి అనుమతి వేరు, ఫొటోలో ఉన్నవారి అనుమతి వేరు. మొదటిది రెండోదాన్ని తెచ్చిపెట్టదు. ఈ రెండో అనుమతినే ఫొటో రంగంలో మోడల్ రిలీజ్ అంటారు. దీనికి లాయరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఇలా రాసుకోవచ్చు, వినండి. "ఫలానా తేదీన, ఫలానా చోట తీసిన నా ఫొటోలను ఫలానా చీరల దుకాణం తన కరపత్రాల్లో, ఫ్లెక్సీల్లో, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో రెండేళ్లపాటు వాడుకోవడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. ఇందుకు ఇంత మొత్తం నాకు ముట్టింది." కింద సంతకం, తేదీ, ఫోను నంబరు. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. మీ దుకాణంలో పనిచేసే అమ్మాయే అయినా సరే రాయించుకోండి. ఉద్యోగం చేస్తోంది కాబట్టి ముఖం కూడా ఇచ్చేసినట్టు కాదు.

ఆసుపత్రులు, క్లినిక్కులు మరీ జాగ్రత్తగా ఉండాలి. సంతాన సాఫల్యం, చర్మవ్యాధులు, మానసిక వైద్యం, ఇలాంటి ప్రకటనల్లో స్టాక్ ఫొటోలోని మనిషిని పెడితే, చూసినవారు ఆ మనిషికే ఆ జబ్బు ఉందనుకుంటారు. అందుకే స్టాక్ సైట్లు ఇలాంటి సున్నితమైన వాడకానికి ప్రత్యేక షరతులు పెడతాయి. ఫొటోలో ఉన్నది మోడల్ మాత్రమే అని ప్రకటనలో రాయమంటాయి. రోగుల అసలు ఫొటోలైతే వారి లిఖిత అనుమతి లేకుండా వాడాలన్న ఆలోచనే రాకూడదు.

ఇక సినిమా తారల మాట. మన రెండు రాష్ట్రాల్లో టిఫిన్ సెంటరు నుంచి టైలరు షాపు దాకా బోర్డు మీద ఒక హీరో ఉంటాడు. అభిమానంతో పెట్టుకున్నాం అంటారు. 2012లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఒకటి ఉంది. తనిష్క్ నగల ప్రకటన కోసం టైటన్ కంపెనీ అమితాబ్ బచ్చన్, జయా బచ్చన్ దంపతులతో ఒప్పందం చేసుకుని ఫొటోలు తీయించింది. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో ఒక నగల దుకాణం దాదాపు అదే ప్రకటనను, అదే జంటతో, తన పేరు వేసుకుని హోర్డింగులుగా కట్టింది. కోర్టు ఇందులో రెండు తప్పులు చూసింది. ఒకటి, ప్రకటన మీద టైటన్‌కు ఉన్న కాపీరైటును ఉల్లంఘించడం. రెండోది, తమ ముఖం, తమ గుర్తింపు ఎక్కడ, ఎలా వాడాలో నిర్ణయించుకునే హక్కు ఆ దంపతులది కాగా, దాన్ని అడగకుండా వాడుకోవడం. 2025లో మన నాగార్జున గారు ఢిల్లీ హైకోర్టుకూ, చిరంజీవి గారు హైదరాబాదు సిటీ సివిల్ కోర్టుకూ వెళ్లి, తమ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడకుండా మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నారు. కృత్రిమ మేధతో సృష్టించిన బొమ్మలకూ ఇది వర్తిస్తుంది. "ఇది ఫొటో కాదండీ, ఏఐ తయారు చేసింది" అన్నంత మాత్రాన ఆ ముఖం ఎవరిదో జనానికి తెలియకుండా పోదు కదా.

జాతీయ నాయకుల విషయంలో వేరే చట్టమే ఉంది. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం. దాని ప్రకారం మహాత్మా గాంధీ, నెహ్రూ, ఇందిరా గాంధీ, ఛత్రపతి శివాజీ, ఆ సమయంలో ఉన్న ప్రధానమంత్రి, వీరి పేర్లను, చిత్రాలను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడరాదు. కేలండర్లకు చిన్న వెసులుబాటు ఇచ్చారు. తయారుచేసినవారి, అచ్చువేసినవారి పేర్లు మాత్రమే ఉండాలి, సరుకుల ప్రచారానికి వాడకూడదు. గాంధీ జయంతి శుభాకాంక్షలు అంటూ కిందనే సిమెంటు ధర వేసేవారు ఈ సంగతి గమనించాలి.

ఇప్పుడు మీరే ఫొటోగ్రాఫరును పిలిచి ఫొటోలు తీయించుకుంటున్నారు. చాలా మంచి పని. కాగితం మీద ఏం రాసుకోవాలి? హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు రాయించుకుంటే, ఎంతకాలానికో స్పష్టంగా రాయండి. కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. భీమవరం నుంచి ఆవకాయ, కాకినాడ నుంచి కాజాలు అమెరికాలో తెలుగువారికి పంపే వ్యాపారులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల బ్రోచర్లు డల్లస్‌లో, న్యూజెర్సీలో పంచిపెడతారు. కాగితంలో ప్రాంతం రాసుకోకపోతే అక్కడ ఆ ఫొటో చెల్లదని రేపు ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. ఇంకో మాట. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోనప్పుడు, అది రద్దవుతుంది. లోగో గీయించుకున్నప్పుడు మరీ ముఖ్యం. డబ్బిచ్చాం కాబట్టి మనదే అనుకోకుండా, హక్కులు మొత్తం బదిలీ చేస్తున్నట్టు డిజైనరు చేత రాయించి సంతకం తీసుకోండి.

అడగకుండా వాడితే ఏమవుతుంది? హక్కుదారు కోర్టుకు వెళ్లి ప్రకటన ఆపించవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. నాకు తెలియదు అని నిరూపించుకున్నా, మీకు వచ్చిన లాభం వదులుకోవాల్సి రావచ్చు. తెలిసే చేశారని తేలితే క్రిమినల్ కేసు. 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వాటర్‌మార్క్ చెరిపినవారు తెలియదు అని ఏ ముఖంతో చెప్పగలరు?

సోషల్ మీడియాలో పెట్టారు కాబట్టి అందరిదీ అనుకునేవారికి డేనియల్ మోరెల్ కథ చెప్పాలి. ఆయన హైతీ దేశపు ఫొటోగ్రాఫరు. 2010 జనవరిలో భూకంపం ఆ దేశాన్ని కుదిపేసినప్పుడు శిథిలాల మధ్య తీసిన ఫొటోలు ట్విటర్ ద్వారా పంచుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ, ఫొటోల సంస్థ గెట్టీ ఇమేజెస్ వాటిని ఆయన అనుమతి లేకుండా ప్రపంచమంతా పంపిణీ చేశాయి. 2013లో న్యూయార్క్ జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లు చెల్లించాలని తేల్చింది. ఫొటోల మీద హక్కుల గురించి క్షుణ్ణంగా తెలిసిన అంత పెద్ద సంస్థలే ఈ విషయంలో తలొంచాల్సి వచ్చింది.

అయితే నోటీసు వచ్చిందంటే తప్పు చేసినట్టేనని బెదిరిపోవద్దు. కరోల్ హైస్మిత్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు తన ఫొటోలను వేల సంఖ్యలో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, ప్రజలందరి వాడకం కోసం ఇచ్చేశారు. అలాంటి ఆమెకే, తన సంస్థ సైటులో తన సొంత ఫొటో పెట్టుకున్నందుకు 120 డాలర్లు కట్టమని ఒక నోటీసు వచ్చింది. ఆమె 2016లో పెద్ద దావానే వేశారు కానీ, కాపీరైటు ఆరోపణలను కోర్టు కొట్టేసింది. మనం నేర్చుకోవాల్సింది ఏమిటంటే, నోటీసు వస్తే చింపేయకూడదు, వెంటనే డబ్బూ కట్టేయకూడదు. ముందు ఆ ఫొటోను వాడడం ఆపాలి. హక్కు మీదేనని రుజువు చూపండి అని రాతపూర్వకంగా అడగాలి. మన లైసెన్సు కాగితం వెతకాలి. తప్పు మనదైతే ఒప్పుకుని సబబైన మొత్తానికి రాజీ పడాలి. ఆధారం లేకుండా బెదిరించేవారి మీద తిరిగి దావా వేసే అవకాశం కూడా మన చట్టంలో ఉంది.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ, చిన్న దుకాణాలవాళ్లం మాకెందుకు అనిపించవచ్చు. చిన్న వ్యాపారికే ఇది ఎక్కువ మేలు అని నా గట్టి నమ్మకం. పోచంపల్లి చీర అమ్ముతూ, ఆ చీర ఎన్నడూ కట్టని ఎక్కడి మోడల్ ఫొటోనో పెడితే కొనేవారికి ఏం నమ్మకం కలుగుతుంది? అదే ఆ మగ్గం మీద కూర్చున్న మనిషిని అడిగి, ఆయన చేతుల్నీ, ఆ నూలునూ మన ఊరి ఫొటోగ్రాఫరు చేత తీయించండి. సెల్‌ఫోన్లు వచ్చాక పని తగ్గిన స్టూడియోలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. వాళ్లకు ఒక పూట పని దొరుకుతుంది. నేతగాడి పేరు పదిమందికీ తెలుస్తుంది. మీకు ఇంకెవరి దగ్గరా లేని ఫొటో వస్తుంది, ఎవరూ నోటీసు ఇవ్వలేని ఫొటో.

కాబట్టి చివరిగా ఒక్క అలవాటు చేసుకోమని కోరుతున్నాను. ప్రతి ప్రకటనకూ కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరవండి. అందులో ఫొటో, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో ఆ లింకు, తెచ్చిన తేదీ, ఆ రోజు ఉన్న లైసెన్సు షరతుల కాపీ, డబ్బు కట్టిన రసీదు, ఫొటోలో ఉన్నవారి అంగీకార పత్రం ఉంచండి. డిజైనరుకు పని అప్పగించేటప్పుడే, ఫొటోల ఖర్చు ఎవరిదో మాట్లాడుకోండి. ప్రూఫు చేతికొచ్చాక అక్షర దోషాలు, ఫోను నంబరు సరిచూసుకుంటాం కదా, అప్పుడే రెండు ప్రశ్నలు కూడా వేయండి. ఇది తీసింది ఎవరు, వారిని అడిగామా? ఇందులో ఉన్నది ఎవరు, వారిని అడిగామా? రెండింటికీ కాగితం ఉంటే అచ్చుకు పంపండి. లేకపోతే ఆ ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టి, ఇంకొకటి చూసుకోండి. ఫొటో తీసేవారి కష్టానికి, అందులో కనబడేవారి మర్యాదకు వ్యాపారి ఇవ్వాల్సిన విలువ అది. అది ఇచ్చే వ్యాపారులు మన ఊళ్లలో పెరగాలని మనసారా కోరుకుంటున్నాను.